కిటికీ గట్టు మీద పెట్టె

సినిమా వాళ్ళు మంగళవారం వస్తారనగా లొరైన్ ఆదివారం కూర్చుని వంటింటికి రంగు వేసింది.

కూర్చుని అనకూడదు. పొద్దున్నే కుర్చీ ఎక్కింది, చీకటి పడ్డాక దిగింది. కిటికీ పక్కన ఏళ్ళ తరబడి చెమ్మకు ముదిరిన మచ్చను ముందు కత్తితో గీకింది, తర్వాత సబ్బునీళ్ళతో తోమింది, ఆరాక వెన్నరంగు రెండు పూతలు వేసింది. పొయ్యి పైన పట్టిన జిడ్డంతా వదలగొట్టింది. పైకప్పు అందకపోతే కొడుకు కర్టిస్ వేశాడు. వాడు మధ్యలో ఒకటి రెండు సార్లు విసుక్కున్నాడు గానీ, బ్రష్షు మాత్రం కింద పెట్టలేదు. పది మంది మన ఇల్లు చూడటానికి వస్తున్నారంటే ఏ ఇల్లాలైనా చేసే పనే ఇది. ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు వెనక ఆ వీధిలో ఎవర్నడిగినా అదే చెబుతారు.

మంగళవారం పొద్దున డైరెక్టరు హ్యారియట్ వంటింటి గుమ్మంలో అడుగుపెట్టి, అక్కడే నిలబడిపోయింది. చావు కబురు విన్నవాళ్ళు అలా నిలబడతారు. తర్వాత తేరుకుని, చాలా బాగుంది లొరైన్, ఎంత కష్టపడ్డారో అంది. అని వీధిలోకి వెళ్ళి ఫోనులో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది.

సంగతేమిటంటే, ఆవిడ పదకొండు ఇళ్ళు చూసి ఈ ఇంటిని ఎంచుకున్నది ఆ చెమ్మ మచ్చ కోసం.

పది గంటలకల్లా ఒక పెయింటరు వచ్చాడు. టీ డికాక్షను బకెట్టులో కాచుకుని, అందులో మసి కలుపుకుని, పాత ఫొటో ఒకటి గోడకు అంటించుకుని, దాన్ని చూస్తూ స్పాంజితో అద్దుతూ పోయాడు. ఉన్న మచ్చ ఉన్నచోటే మళ్ళీ పుట్టుకొచ్చింది. ఆ పెయింటరు మంచివాడు. ఇంత శుభ్రంగా వేసిన గోడ పాడుచెయ్యడానికి చేతులు రావడం లేదమ్మా అన్నాడు. చేతులు వచ్చాయి, పాడుచేశాడు. లొరైన్ నడవలో నిలబడి చూసింది. ఈ మూడు రోజుల కోసం ఆవిడ చేపల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు మారింది. తెల్లవారకుండా వెళ్ళి, పదకొండింటి దాకా కాడ్ చేపలకు ముళ్ళు తీసి, పరుగున ఇంటికి వచ్చేది. ఆ రోజు మాత్రం అడిగి అసలు సెలవే పెట్టుకుంది, స్వాగతం చెప్పడానికి.

సినిమా ఒక కుర్రాడి గురించి. పేరు డానీ, వయసు పంతొమ్మిది. ఎవరితోనూ పడదు, ఎక్కడా నిలవడు, అమ్మ మీద అరుస్తాడు, ఆఖరికి సముద్రం ఒడ్డు గోడ మీద ఒక్కడూ కూర్చుంటాడు. అలాంటి కుర్రాడు ఆ వీధిలో ఇంటికొకడున్నాడు. అందులో సినిమా తియ్యడానికి ఏముందో లొరైన్‌కు బోధపడలేదు. కర్టిస్ బస్సు డ్రైవరుతో గొడవ పడుతుంటే హ్యారియట్ చూసిందట. రెండుసార్లు ఇంటికి వచ్చి మాట్లాడి, డానీ వీడే అని తేల్చేసింది. అమ్మ వేషానికి మాత్రం లండన్ నుంచి పమేలా అనే నటి వచ్చింది. లొరైన్ పాత స్వెట్టరు అడిగి తీసుకుంది. ఉతికి ఇస్తానంటే వద్దంది, ఉతకనిదే కావాలంది.

ఇక ఆ పెట్టె.

కిటికీ గట్టు మీద, సింకుకు కుడిపక్క, బూడిదరంగు పెట్టె ఒకటుంది. పెద్దదేమీ కాదు, రెండు రొట్టె ముక్కలు పట్టేంత. తీగ ఒకటి దాని వెనక నుంచి ప్లగ్గులోకి పోతుంది. కర్టిస్ ఎడమకాలి చీలమండకు కట్టిన నల్ల పట్టీ ఈ పెట్టెతో మాట్లాడుతుంటుంది. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా వాడు ఇంట్లో ఉన్నాడా లేడా అని అది పైవాళ్ళకు చెబుతుంటుంది. వేసవిలో పబ్బు బయట ఒకడి దవడ విరగ్గొట్టినందుకు కోర్టు వేసిన శిక్ష ఇది. పెట్టె బిగించిన రోజున ప్రొబేషన్ ఆఫీసరు పికరింగ్ గారు వంటింట్లోనే కూర్చుని, ఇంటి యజమానురాలిగా లొరైన్ చేత సంతకం చేయించుకుని, ఒక మాట అన్నాడు. "దీన్ని కదపొద్దు, ఆపొద్దు. కుర్రాడు కదిపితే వాడి గడువు పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళు కదిపారనుకోండి, ఈ ఇల్లు పనికిరాదని రాయాల్సి వస్తుంది. అప్పుడు వాణ్ణి హల్ ఊళ్ళో శిక్షపడ్డవాళ్ళ హాస్టల్లో పెడతాం."

గడువు ఈ ఆదివారంతో తీరిపోతుంది. సోమవారం పొద్దున అయిదున్నరకు వాడు రేవులో ఉండాలి. సముద్రంలో నిలబెట్టిన గాలిమరల దగ్గరికి పనివాళ్ళను తీసుకెళ్ళే పడవలు ఆరింటికి బయల్దేరతాయి. అందులో ఒకదాని సరంగు ట్రెవర్, కాలి పట్టీ ఊడిన మర్నాడే రమ్మన్నాడు. ఒక్కరోజు కూడా ఆగనని ముందే చెప్పాడు, ఆ చోటు కోసం నలుగురు తిరుగుతున్నారు. కర్టిస్‌కు పడవవాళ్ళు ఇచ్చిన పసుపుపచ్చ వానకోటు వంటింటి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. వాడు దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా చేత్తో తాకుతూ వెళ్ళేవాడు. ఏ పని పేరు చెప్పినా మొహం గంటుపెట్టుకునే కొడుకు, రోజులు లెక్కపెట్టుకోవడం లొరైన్ చూడటం ఇదే మొదలు.

మంగళవారం సాయంత్రం హ్యారియట్ కన్ను ఆ పెట్టె మీద పడింది. గొంతుక్కూర్చుని, రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి, అందులోంచి చూసింది. ఇది ఉండాలి, ఇది నిజం, దీన్ని ఎంత ఖర్చుపెట్టినా కల్పించలేం అంది. నీకేమైనా అభ్యంతరమా అని కర్టిస్‌ను అడిగింది. ఉంటే ఉండనీ అన్నాడు వాడు. లొరైన్ అక్కడే గిన్నెలు తుడుస్తోంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

అడిగితే ఏం చెప్పేదో ఆవిడకూ తెలియదు. ఫ్యాక్టరీలో ఆవిడ పక్కన నిలబడి చేపలు కోసే ఆడవాళ్ళు ముగ్గురు నెలకోసారి టీకి వస్తారు. అదేమిటే కొత్తగా అని ఒకావిడ అడిగితే ఇంటర్నెట్ పెట్టె అని చెప్పింది. కర్టిస్ అక్కడే ఉన్నాడు. చెప్పి, వాళ్ళు వచ్చినప్పుడల్లా రొట్టె డబ్బా దానికి అడ్డం పెట్టేది. రేపు ఆ ముగ్గురూ టిక్కెట్టు కొనుక్కుని మరీ ఈ సినిమాకు వెళతారు. ముందు వరుసలో కూర్చుంటారు.

బుధవారం సౌండ్ మనిషి నార్మన్ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ ఆపేశాడు. అరవై దాటిన మనిషి, హల్ వాడు, మెడలో పెద్ద చెవిడొప్పలు. ఫ్రిజ్ మూలుగు మైకులోకి వస్తుందట. ఆపేసి, తలుపు తీసి, తన కారు తాళాలు పాల సీసా పక్కన పెట్టాడు. మతి పోయిందా ఈయనకు అనుకుంది లొరైన్.

"భయపడకు తల్లీ," అన్నాడు. "ఒకావిడ ఇంట్లో ఆపేసి మర్చిపోయి వెళ్ళిపోయా. క్రిస్మసుకు తెచ్చుకున్న టర్కీ కోడి మొత్తం కుళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఇదే మందు. తాళాలు లేనిదే ఇంటికి పోలేను, తాళాలు తియ్యాలంటే ఫ్రిజ్ తెరవాలి, తెరిస్తే గుర్తొస్తుంది."

లొరైన్ నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆవిడ నవ్వడం అదొక్కసారే.

సాయంత్రం దాకా ఒక్క సన్నివేశమే తీశారు. డానీ, వాళ్ళ అమ్మ, ఒక పళ్ళెం. అమ్మ తిను అంటుంది, వాడు తిననంటాడు, మాట పెరుగుతుంది. పమేలా లొరైన్ స్వెట్టరు వేసుకుని, లొరైన్ సింకు దగ్గర, లొరైన్ లాగే ఒక తుంటి మీద బరువు వేసి నిలబడింది. లొరైన్ నడవ చీకట్లోంచి చూస్తోంది. నన్ను చూసి నీకు సిగ్గేస్తుంది కదా, చెప్పు, నోటితో చెప్పు అని కర్టిస్ అరిచాడు. ఆ మాట కాగితం మీద రాసిందో, వాడు సొంతంగా అన్నదో ఆవిడకు తెలియలేదు. పమేలా రాసినట్టే తలదించుకుంది. కట్ అనగానే కర్టిస్ నవ్వుతూ పమేలాకు నీళ్ళ గ్లాసు అందించాడు. లొరైన్ గుండె దడ మాత్రం కట్ చెప్పినంత మాత్రాన ఆగలేదు.

ఏడింటికి అందరూ భోజనానికి చర్చి హాలుకు వెళ్ళారు. కర్టిస్ వెళ్ళకూడదు కాబట్టి, వాడికి చేపా బంగాళదుంపా పొట్లం తెచ్చి ఇస్తే మేడ మీద గదిలోకి తీసుకుపోయాడు. వంటింట్లో లొరైన్ ఒక్కతే మిగిలింది.

ఆవిడ ముందుగా ఏమీ అనుకోలేదు. సింకు దగ్గర నిలబడి గిన్నెలు తుడిచే నీలిగళ్ళ గుడ్డ చేతిలోకి తీసుకుంది. దాన్ని పెట్టె మీద కప్పింది. కప్పితే ఏం లాభం, తీసి పారేస్తారు. ప్లగ్గు లాగింది. గుడ్డతో సహా పెట్టెను రెండు చేతుల్లోకి ఎత్తుకుంది. అయిదు నిమిషాలకు ఏమవుతుంది, ఇంట్లోనే కదా ఉంటుంది, ఎవరైనా ఎత్తుకుపోతున్నారా అనుకుంది. పికరింగ్ మాట ఆ క్షణాన గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. అయినా ఆవిడ కళ్ళ ముందు ముందువరుసలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

వెనక క్లిక్‌మంది. గుమ్మంలో కంటిన్యుటీ చూసే మోయిరా నిలబడి ఉంది. ఏ వస్తువు ఎక్కడుందో, ఏ చేతిలో ఏ గ్లాసుందో రాసుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ ఉండటమే ఆవిడ పని.

"పళ్ళేల కోసం," అంది మోయిరా బల్లకేసి చూపించి. "తిరిగొచ్చాక ఇలాగే ఉండాలి కదా. మీరు కానివ్వండి."

ఆవిడ వెళ్ళాక లొరైన్ మెట్లెక్కి, నీళ్ళ ట్యాంకు ఉన్న అలమరలో దుప్పట్ల మధ్య పెట్టెను పెట్టి వచ్చింది.

భోజనాల నుంచి రాగానే పెట్టె ఏదని గగ్గోలు లేచింది. హ్యారియట్ మొహం మాడ్చుకుంది. అందరూ వెతికారు. నార్మన్ తల గోక్కుంటూ, అన్ని ప్లగ్గులూ ఆపింది నేనే, దీన్ని కూడా ఎక్కడో పెట్టుంటాను, పాడు బుర్ర అన్నాడు. ఆ సందడిలో లొరైన్ పైకి వెళ్ళి పెట్టె తెచ్చింది. మెట్ల కింద ఉంది అంది. అదిగో, నేనే అన్నాడు నార్మన్. ఆవిడ కాదనలేదు. గట్టు మీద పెట్టి ప్లగ్గు పెడితే, రోజూ పచ్చగా వెలిగే దీపం ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఎనిమిదింటికి ఫోను వచ్చింది. కర్టిస్ తీశాడు. ఇంట్లోనే ఉన్నాను అన్నాడు రెండుసార్లు. తర్వాత ఊరికే విన్నాడు. ఏడుంబావుకు పెట్టె కదిలిందట, కరెంటు పోయిందట, కాగితం పైకి వెళుతుందట, శుక్రవారం పదింటికి తల్లీకొడుకులిద్దరూ ఆఫీసుకు రావాలట.

ఫోను పెట్టేసి వాడు నార్మన్ మీదికి వెళ్ళాడు. గల్లా పట్టుకుని గోడకు ఆనించాడు, ఆ దొంగ చెమ్మ మచ్చకు. చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఏం చెయ్యగలదో ఆ ఇంట్లో లొరైన్‌కే తెలుసు.

"కొట్టు బాబూ," అన్నాడు నార్మన్. "తప్పు నాది. కొట్టాకైనా సరే, కాగితం మీద రాసిస్తా, నేనే కదిపానని. నీ పని పోనివ్వను."

కర్టిస్ చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండి, దిగింది. కెమెరా తిరుగుతోందా అని హ్యారియట్ ఎవర్నో మెల్లిగా అడగడం లొరైన్ చెవిన పడింది. తిరగడం లేదన్నారు. అయ్యో అంది హ్యారియట్.

నార్మన్ తాళాలు తీసుకోవడానికి ఫ్రిజ్ తెరిచాడు. తెరిచి, లొరైన్ కేసి తిరిగి, చూశావా తల్లీ, దీనికి పెట్టుకున్న గుర్తు దానికి పెట్టుకోలేకపోయాను అన్నాడు. ఆయన వెళ్ళాక లొరైన్ ఫ్రిజ్ మూలుగు వింటూ వంటింట్లోనే కూర్చుండిపోయింది.

గురువారం ఫ్యాక్టరీలో బొటనవేలు కోసుకుంది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ కోసుకోలేదు. రెండు వైపుల నుంచీ ఒకటే ఆలోచన కోస్తోంది. చెబితే కొడుకు హాస్టలుకు పోతాడు. చెప్పకపోతే పాపం ఎరుగని ముసలాయన మీద నేరం పడుతుంది. కానీ ఆయన కాగితం రాస్తే కర్టిస్ బయటపడతాడు, సోమవారం పడవెక్కుతాడు. రాయనీ, ఆయనకేం, జైల్లో వెయ్యరు కదా అని ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు తనను తానే అసహ్యించుకుంది. అయినా ఆ ఆశను వదల్లేదు.

మధ్యాహ్నం మూడింటికి, ఇంట్లో ఆఖరి షాట్లు అవుతుండగా, కిటికీలోంచి చూసింది. వీధిలో సామాను వ్యాను పక్కన మోయిరా, కర్టిస్ నిలబడి ఉన్నారు. మోయిరా పలకలాంటి దాన్ని వాడి ముందు పెట్టి వేలితో ఏదో చూపిస్తోంది. వాడు చాలాసేపు దాన్నే చూశాడు. గాలికి జుట్టు మొహమ్మీద పడుతున్నా తీసుకోలేదు. తర్వాత మోయిరా ఏదో అడిగింది, వాడు తల అడ్డంగా ఊపాడు. సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఏడుకు పది నిమిషాలుండగా తిరిగొచ్చాడు. తలుపు నెమ్మదిగా వేశాడు. ఆ తలుపు వాడి చేతిలో చప్పుడు కాకుండా పడటం లొరైన్ ఎరగదు. అందుకే ఆవిడకు భయమేసింది.

"నార్మన్ కాగితం రాయట్లేదు," అన్నాడు. "కంపెనీ వద్దందట. తనే కదిపినట్టు ఆయనకి గుర్తు కూడా లేదట."

"మరి ఎవరట?"

"తెలీదట."

కూర్చుని, పెట్టిందంతా తిన్నాడు. లేచి తన పళ్ళెం తనే కడిగాడు. నీలిగళ్ళ గుడ్డ తీసుకుని పళ్ళెం తుడిచి, గుడ్డను విప్పి ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి కడ్డీకి వేశాడు. గుడ్ నైట్ అమ్మా అన్నాడు. ఆ మాట కూడా వాడు అని ఎన్నాళ్ళయిందో. వాడికి తెలిసిపోయిందనీ, రేపు ఆ గదిలో అందరి ముందూ తన పేరు చెబుతాడనీ అనుకుంది లొరైన్. చెప్పాలి కూడా. చెప్పకముందే తనే చెప్పెయ్యాలని నిశ్చయించుకుంది.

శుక్రవారం పికరింగ్ గారి గదిలో హీటరు ఎక్కువగా పనిచేస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం ముందు పెట్టుకుని, బుధవారం ఏడుంబావు అన్నాడు. బయటివాళ్ళెవరైనా కదిపి ఉంటే ఋజువు చూపిస్తే కొట్టేస్తానన్నాడు. లేదంటే రెండే దారులు, అవి మీకు ముందే చెప్పానన్నాడు.

లొరైన్ గొంతు సవరించుకుంది. ఆవిడ కంటే ముందు కర్టిస్ అన్నాడు.

"నేనే తీశాను."

"ఎందుకు?"

"సినిమాలో పడుతుందని సిగ్గేసింది. అమ్మతో పనిచేసే వాళ్ళకి అది ఇంటర్నెట్ పెట్టె అని చెప్పాం. రేపు వాళ్ళు చూస్తే అమ్మ ఫ్యాక్టరీలో తలెత్తుకోలేదు. అందుకని ప్లగ్గు తీసి, గుడ్డలో చుట్టి, దాచాను."

లొరైన్ వాడి మొహంలోకి చూసింది. తన లోపలి మాటలు ఒకటొకటీ వాడి నోట్లోంచి వస్తున్నాయి. ఆ ముగ్గురు ఆడవాళ్ళ గురించి తన భయం ఎవరికీ చెప్పలేదు. రొట్టె డబ్బా అడ్డం పెట్టినప్పుడల్లా వాడు చూస్తూనే ఉన్నాడన్నమాట.

"వాడు కాదు," అంది. "నేను. వాడు మేడ మీద తింటున్నాడు. నీలిగళ్ళ గుడ్డండీ అది. నీళ్ళ ట్యాంకు అలమరలో పెట్టాను, దుప్పట్ల మధ్య. మోయిరా అని ఒకావిడ చూసింది, ఆవిణ్ణి అడగండి."

పికరింగ్ కలం కింద పెట్టాడు. ఆమెను చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, గోడ మీద గడియారం చూశాడు.

"ఇరవై రెండేళ్ళయింది లొరైన్ గారూ నేనీ కుర్చీలో కూర్చోబట్టి. నేనే చేశాను, నా కొడుకు కాదు అనని తల్లి ఇంతవరకూ నా గదిలోకి రాలేదు."

"నేను నిజం చెబుతున్నాను."

"అందరూ అదే అంటారు."

"వదిలెయ్యమ్మా," అన్నాడు కర్టిస్.

పికరింగ్ కలం మళ్ళీ తీసుకుని కర్టిస్ చెప్పిందే రాసుకున్నాడు. నాలుగు వారాలు పొడిగింపు. కాగితం వాడి వైపు తిప్పాడు, వాడు సంతకం చేశాడు. ఆ పెద్దమనిషి నిజంగానే నమ్మలేదో, నమ్మితే కుర్రాణ్ణి హాస్టలుకు పంపాలి కాబట్టి నమ్మనట్టు నటించాడో లొరైన్‌కు ఈనాటికీ తెలియదు. జన్మలో ఒక్కసారి ధైర్యం చేసి నిజం చెబితే, దాన్ని తల్లిప్రేమ అని పక్కన పెట్టేశారు. అంతకంటే అబద్ధాలకోరు అన్నా బాగుండేదనిపించింది ఆవిడకు.

బస్టాపులో నిలబడి కర్టిస్ ట్రెవర్‌కు ఫోను చేశాడు. ఎక్కువసేపు మాట్లాడలేదు. సరే, అర్థమైంది, ఏం పర్లేదు అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, బస్సు వచ్చేదాకా రోడ్డు మీద సోడా డబ్బా ఒకటి కాలితో అటూ ఇటూ దొర్లిస్తూ ఉన్నాడు. గట్టిగా తన్నలేదు.

సోమవారం లొరైన్ అయిదుకు ముందే లేచింది. ఈ వారం సాయంత్రం షిఫ్టు, లేవాల్సిన పని లేదు. వంటింట్లో దీపం వేసి, రొట్టెకు వెన్న రాసి, జున్ను, ఊరగాయ పెట్టి, నాలుగు శాండ్‌విచ్‌లు చేసింది. నెలరోజుల నుంచీ ఈ పొద్దు కోసం మనసులో చేసి పెట్టుకుంటున్న పని, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. కాగితంలో చుడుతుంటే గుర్తొచ్చింది, వీటిని తీసుకెళ్ళేవాడు లేడని. చుట్టిన పొట్లాన్ని బల్ల మీద పెట్టి నిలబడింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కర్టిస్ వచ్చాడు. పైజమా మీద పసుపుపచ్చ వానకోటు వేసుకున్నాడు.

"ఏంట్రా ఇది?"

"సరిపోతుందో లేదో చూద్దామని. రేపు తిరిగిచ్చెయ్యాలి."

కోటుతోనే కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ టీ పోసింది. పెట్టె గట్టు మీద పచ్చగా వెలుగుతోంది. దాని పక్కన గోడ మీద పెయింటరు పుట్టించిన చెమ్మ మచ్చ. దాన్ని చెరిపేసి పోతామన్న సినిమా వాళ్ళు చెరపలేదు, ఆవిడా అడగలేదు. ఆరు కావస్తుండగా రేవు వైపు నుంచి ఇంజన్లు మొదలైన చప్పుడు వచ్చింది. ఒకటి, దాని వెనక ఇంకొకటి.

"రెండోది ట్రెవర్‌ది," అన్నాడు కర్టిస్.

చప్పుడు దూరమై, సముద్రపు హోరులో కలిసిపోయేదాకా ఇద్దరూ విన్నారు.

"ఎందుకలా చెప్పావు అక్కడ?" అంది లొరైన్.

"హాస్టల్లో శాండ్‌విచ్‌లు ఎవరు చేస్తారు?" పొట్లం విప్పి ఒకటి తీసుకున్నాడు.

"మోయిరా ఏం చూపించింది?"

"ఫొటో. పళ్ళేలకోసం తీసిందట. పక్కన నువ్వున్నావు. గుడ్డ కిందనుంచి తీగ వేలాడుతోంది." నములుతూ అన్నాడు. "తీసెయ్యమంటావా, ఉంచమంటావా అని అడిగింది. ఎవరికీ చూపించొద్దన్నాను."

లొరైన్ కోసుకున్న బొటనవేలి కట్టును సర్దుకుంది. ఇన్నాళ్ళూ దాచిన మాట ఇక దాచి ప్రయోజనం లేదనిపించింది.

"ఆ ఆడవాళ్ళ కోసం అని చెప్పావే, అది సగమేరా. నిన్ను చూసే సిగ్గుపడ్డాను నేను. నువ్వు నా కొడుకువని అందరూ చూస్తారని."

"తెలుసమ్మా," అన్నాడు కర్టిస్. "పెట్టె మీద కప్పావు గుడ్డ. నీ మొహం మీద కప్పుకోలేదుగా."

కోపంగా అనలేదు. రొట్టె బాగుందనో, టీ చల్లారిందనో అన్నట్టు అన్నాడు. లొరైన్ అందుకే ఏడ్చింది. వాడు లేచి వచ్చి ఓదార్చలేదు, అలా ఓదార్చుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు. రెండో శాండ్‌విచ్ ఆవిడ వైపు జరిపాడు.

ఏడయింది. వాడు తలుపు తెరుచుకుని, వానకోటుతో వాకిటి మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. వీధిలో పనికి పోయేవాళ్ళు, చేపల లారీలు. ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు. లోపలికి వచ్చి కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మెట్ల కింద నుంచి మిగిలిన రంగు డబ్బా, రెండు బ్రష్షులు తెచ్చాడు.

మధ్యాహ్నం దాకా వేశారు. పొయ్యి పైన ఆవిడ, పైకప్పు కింద వాడు. మచ్చ మీద మూడు పూతలు పడ్డాయి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతులూ నెమ్మదించాయి. కర్టిస్ సన్న బ్రష్షు తీసుకుని, ఊపిరి బిగబట్టి, పెట్టెకు తగలకుండా, తీగకు తగలకుండా దాని చుట్టూ వేశాడు. పెట్టె వెనక గోడ మాత్రం అలాగే వదిలేశారు.